బాపుకు పడవలసిన మస్టర్లు

పోయినవాటిని వరుసగా చెప్పుకుంటే, ముందు పోయింది మా బాపు నౌకరి, దాని వెనక నస్పూర్‌లోని రెండు గదుల క్వార్టరు, క్వార్టరుతో పాటు నల్లా నీళ్ళు, పొయ్యిలోకి నెలనెలా వచ్చే బొగ్గు, బొగ్గుబాయి దవాఖాన మందులు, బాపు తరువాత నాకు రావలసిన కొలువు, ఆఖరున నా పదో తరగతి. లెక్కల మీద బతికినవాణ్ణి గనుక ఎన్నోసార్లు కూడి చూశాను. ఏడు.

ఇదంతా మళ్ళీ ఎందుకు కూడవలసి వచ్చిందంటే, మొన్న మా అమ్మాయి కాలేజీ నుంచి నా ఫోనుకు ఆబ్సెంట్ అని వచ్చింది. పిల్ల జ్వరంతో ఇంట్లోనే పడుకుని ఉంది, అయినా ఆ మాటను రెండుసార్లు చదివి కాలేజీకి ఫోను చేయబోయాను. అది ఫోను లాక్కుని ఏదో నొక్కి, "అయిపోయింది బాపు. సిక్ అని పెట్టిన, లీవు కింద పడ్తది. దీనికి గింత పరేషాన్ ఏంది" అని అటు తిరిగి పడుకుంది.

బాయి కాలనీల్లో పెరిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పనికి పోని రోజుకు మన ఇళ్ళలో ఉన్నది ఒకటే మాట, నాగా. జ్వరమొచ్చినా నాగాయే, చుట్టాల పెళ్ళికి పోయినా నాగాయే, ఒళ్ళు బరువై ముసుగుతన్ని పడుకున్నా నాగాయే. బొగ్గుబాయి ఆఫీసులో దానికి మూడు పేర్లుండేవి. ముందుగా చెప్పి ఒప్పించుకుని మానితే లీవు, జబ్బుచేసి ఆ పూటే బాయి దవాఖానలో పేరు రాయించుకుంటే సిక్, రెండూ కాకపోతే ఆబ్సెంట్. మొదటి రెండూ మనిషిని కాపాడేవి, మూడోది నౌకరిని తినేది. తరువాత జమ్మికుంట పత్తి యార్డులో కాంటా పక్కన తూకాలు రాస్తూ కూర్చుని, పాత డిక్షనరీ ముందేసుకుని ఈ మాటలను ఒక్కొక్కటే విడదీసి నేర్చుకున్నాను గానీ, అప్పటికి అవి మాకు పనికిరాకుండా పోయాయి.

బాపు భూమిలోపల టబ్బులకు బొగ్గు నింపేవాడు. ఆ వానాకాలం దగ్గు పట్టుకుని, పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉండేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, దవాఖాన మాట తలవలేదు. మా వైపు అలవాటే అది, జబ్బు మొండికేస్తే వేములవాడ రాజన్న గుడికి పోయి, నయమయ్యేదాకా అక్కడే నిద్రచేసి, మొక్కుగా కోడెను కట్టి రావడం. బయలుదేరేటప్పుడు బాపు చెప్పులు వేసుకుంటూ ఆగి, "బాయిల చెప్పి పోదమా" అన్నాడు. "రాజన్నకు చెప్పినంక ఇంకెవలకు చెప్తవ్, నడువు" అంది అవ్వ.

నయమైంది. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. దగ్గు తగ్గి, మొహాన కళ వచ్చి, మొక్కు తీర్చుకుని బాపు డ్యూటీకి పోయాడు. మస్టర్లు రాసే, అంటే రోజుకొకటి చొప్పున హాజరు వేసే గుమాస్తా మా కాలనీ పిల్లవాడే. గుడిలో ఉన్న రోజులన్నిటికీ ఆబ్సెంట్ పడిందని చూపించి, "ఏం కాకా, రాజన్న సిక్ కాయిదం రాసియ్యలేదా" అని ఎకసెక్కమాడాడట. "నయం జేసిండు గద బిడ్డా, కాయిదమెందుకు" అన్నాడట బాపు. ఇద్దరూ నవ్వుకున్నారట.

సంవత్సరాఖరున కూడితే, ఏడాదికి ఉండవలసిన మస్టర్లకు పదకొండు తక్కువ వచ్చాయి. అంతకు ముందు రెండేళ్ళూ ఆ దగ్గుతోనే తక్కువ పడ్డాయి గనుక ఇది మూడో ఏడు, వరసగా మూడేళ్ళు తగ్గితే నౌకరిలో ఉంచరు. చేతికొచ్చిన కాగితంలో డిస్మిస్ అని ఉంది. అదే దగ్గును డాక్టరు చూసి అన్‌ఫిట్ అని రాసి పంపి ఉంటే, బాపు పని నాకు వచ్చేది. ఏ మాట రాసినా బాపు ఇంటికే వచ్చేవాడు, కాకపోతే రాసిన మాట వల్ల ఆ ఇల్లే లేకుండా పోయింది.

బాపు ఎవరితోనూ వాదించలేదు. గుమాస్తా బల్ల దగ్గరికి పోయి, "పదకొండే గద. జీతమొద్దు, పదకొండు పూటలు ఉత్తగనే దిగుత, జర రాసుకో బిడ్డా" అన్నాడు. "మస్టరు ఎనుకకు పడదు కాకా" అన్నాడు ఆ పిల్లవాడు, ఈసారి నవ్వకుండా. క్వార్టరు విడిచి కిరాయి ఇంట్లోకి వచ్చాక కూడా మొదటి షిఫ్టు సైరన్ కూయగానే బాపు లేచి కూర్చునేవాడు. కాసేపటికి ఎక్కడికీ పోయేది లేదని గుర్తొచ్చి, మళ్ళీ పడుకునేవాడు. అవ్వ మాత్రం "పానమిచ్చింది రాజన్న, నౌకరి తీసింది నేను" అని తాను చనిపోయేదాకా అంటూనే ఉంది.

ఈమధ్య అటు పోతే మా క్వార్టర్ల వరుసలో తుమ్మచెట్లు మొలిచి ఉన్నాయి. బాయి మూసేసి చాలా కాలమైంది. మా ఇంటిని ముంచిన మాటను మా అమ్మాయి ఒక్క వేలితో మార్చేసి హాయిగా నిద్రపోయింది, దానికి సంతోషించాలని తెలుసు, సంతోషం మాత్రం రావడం లేదు. ఉత్తగనే దిగుతానన్న మనిషీ లేడు, రాసుకునే బల్లా లేదు. బాకీ తీర్చుదామన్నా తీసుకునే చోటు లేక అట్లాగే ఉంది, పదకొండు మస్టర్లు.