ఒక్కరి కొలత

దర్జీ పని చేసే అక్క తన నడుముకు తానే టేపు చుట్టుకుని, గంతేసినంత పని చేసింది. షుగరుకు డాక్టరమ్మ రాసిచ్చిన వారానికో ఇంజెక్షన్ మొదలుపెట్టిన మూడు నెలలకే రెండంగుళాలు తగ్గింది!

"నాకూ ఒక్కటి పొడవవే అక్కా, నీకు పుణ్యముంటుంది!" అంటూ చెల్లెలు కుర్చీలో చతికిలబడింది.

ఆ సంబరంలో అక్కకు కాదనబుద్ధి కాలేదు. సూది మారిస్తే ఎవరి బట్టయినా కుట్టే మిషను అలవాటు కొద్దీ, ఇంజెక్షన్ పెన్నుకూ కొత్త సూది బిగించింది. తీరా మోతాదు కోసం పెన్ను చివరి మీట తిప్పబోతే చెయ్యి ఆగింది. ఎంతకని తిప్పాలి? ఎదురుగా కొలతల చీటీలు గుచ్చిన గౌన్లు వేలాడుతున్నాయి. ఒకరి కొలతతో ఇంకొకరికి ఆమె ఏనాడూ కత్తెర పట్టలేదు. సూది మార్చినా పెన్ను ఒక్కరిదేనని డాక్టరమ్మ చెప్పిన మాటా అప్పుడే గుర్తొచ్చింది.

సూది ఊడదీసి, చెల్లెలి రెక్క పట్టుకుని లేపింది.

"పదవే, ముందు డాక్టరమ్మకు నీ కొలతలిద్దువుగాని!"