దసరా బొట్టు పెట్టిన రౌటర్

మా క్యారెట్ మడికి నీళ్లు పెట్టేది ఒక పాత రౌటర్. మొయినాబాద్‌లో నాకో చిన్న రిపేరు షాపుంది. ఫామ్‌హౌస్‌ల వాళ్లు పారేయమని ఇచ్చిన వాటిలోంచి దాన్ని ఏరుకొచ్చి, కంపెనీ సాఫ్ట్‌వేర్ పీకేసి లైనక్స్ ఎక్కించాను. ముడిమ్యాలలో మా ఇంటి వసారాకు వేలాడదీశాను. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఐదింటికి అది చేన్లో ఉన్న మోటరుకూ వాల్వులకూ కబురు పంపేది. స్ప్రింక్లర్లు వంతులవారీగా తిరిగేవి.

ఇదంతా మా నాన్న కోసం. మేం బాపు అంటాం. ఆయన మోకాలికి ఆపరేషన్ అయింది. తడి ఒడ్డు మీద జారితే మళ్లీ కోయాల్సిందేనని డాక్టర్ ముఖం మీదే చెప్పాడు. బాపు ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు.

"డబ్బ నడిచినన్ని దినాలు ఇంట్ల కూసుంట. అది ఆగిందంటె నేనే పోత."

దసరా మర్నాడు ఆగింది. గింజలు చల్లి నాలుగు రోజులే అయింది. నేల ఆరితే మొలక రాదు.

ఆ పొద్దున నేనే చేన్లోకి ఉరికి వాల్వులు తిప్పాను. ఒక మూల మడుగు కట్టింది, ఇంకో మూల తడవనే లేదు. బాపు గేటు దగ్గర్నుంచి చూసి, "నీతోని కాదు బిడ్డా. సాయంత్రానికి డబ్బ లేస్తె లేచింది, లేకుంటె నా కట్టె నాకున్నది" అన్నాడు.

షాపు తెరవకుండా డబ్బా ముందు కూర్చున్నాను. దాని బోర్డు నుంచి మూడు వైర్లు ముందే బయటికి లాగిపెట్టుకున్నాను. వాటిని ల్యాప్‌టాప్‌కు కలిపితే, అది ఆన్ అవుతూ ఏం చేస్తోందో తెర మీద రాస్తుంది. రాసింది కూడా: రీసెట్ బటన్ నొక్కి ఉంది, కొత్త సిస్టమ్ కోసం ఆగాను.

నొక్కిందెవరు? వసారాలో నేనూ పిల్లీ తప్ప ఎవరూ లేరు. సరే తీసుకో అని కొత్త సిస్టమ్ పంపాను. బుద్ధిగా తీసుకుని, ఆరి వెలిగి, మళ్లీ అదే పాట. పాత వెర్షన్ పంపాను. అదే పాట. అడాప్టర్ మార్చాను, కేబుల్ మార్చాను, ఆ చిప్ చేసినవాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నా కోపమంతా కీబోర్డు మీదే పోతుంది. ఎంటర్ మీట ఇప్పటికీ కాస్త వంకరే.

మధ్యాహ్నం దాటాక అమ్మ చాయ్ తెచ్చింది. ఆమెను మేం అవ్వ అంటాం.

"జర మంచిగ మాట్లాడు దానితోని. నిన్ననే పూజ చేసిన."

"నీ పూజ అయినంకనే పండుకున్నదవ్వా" అని వెటకారం చేయబోయి, సగంలో ఆగిపోయాను. దసరాకు మా ఇంట్లో గొడ్డలి నుంచి బండి దాకా ప్రతి పనిముట్టుకూ బొట్టు పెడతారు. ఈసారి రౌటర్‌కూ పెట్టింది. నిమ్మకాయ కూడా కట్టింది.

"అవ్వా, పసుపు యాడ పెట్టినవ్?"

"అన్ని దిక్కుల. ఎనక సన్న బొక్క ఉండె. చీమలు వోతయని తడి పసుపు అగరొత్తి పుల్లతోని లోపలికి నూకిన."

తిప్పి చూశాను. రీసెట్ బటన్ ఉండేది ఆ బొక్కలోనే. పసుపు ఎండి, నొక్కిన బటన్‌ను అట్లాగే బిగించేసింది. డబ్బా పొద్దున్నుంచీ నిజమే చెబుతోంది. యంత్రం అబద్ధమాడదని షాపుకొచ్చిన ప్రతివాడికీ నీతులు చెప్పేది నేనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. సిగ్గుతో పాటు ఒళ్లు మండింది.

"దేవుని పూజకు ఇదే దొరికిందా నీకు?" అన్నాను.

అవ్వ చిన్నబుచ్చుకుంది. "దాని కోసం పెట్టలే బిడ్డా. అది మంచిగుంటె మీ బాపు ఇల్లు కదలడని పెట్టిన."

ఆ బొక్కలో గోరు పెట్టబోతే పట్టలేదు.

అప్పటికే బాపు చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఐదు కావస్తోంది.

"బాపూ, జర ఆగు."

"పొద్దటి సంది గదే అంటున్నవ్" అంటూ కట్టె అందుకున్నాడు.

అవ్వ గబగబా తన పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. గీకాను. పసుపు పొడిపొడిగా రాలి, టిక్‌మని బటన్ బయటికొచ్చింది. కరెంటు ఆపి మళ్లీ ఇచ్చాను. ఈసారి తెర మీద ఆ మాట రాలేదు. దాచిపెట్టుకున్న టైమింగులన్నీ తిరిగి ఎక్కించేసరికి బాపు గేటు దాటాడు.

చేన్లో మొదటి స్ప్రింక్లర్ దగ్గి, నీళ్లు చిమ్మింది.

బాపు అక్కడే నిలబడిపోయాడు. నాలుగు మూలలూ తడిశాకే వెనక్కి తిరిగాడు. వసారాలోకొచ్చి చెప్పులు విప్పి, కట్టెను గోడకు ఆనించాడు.

"ఏమైండె దానికి?"

అవ్వ నా వైపు చూసింది.

"దానికేం కాలే బాపూ. అది చెప్పిందే నేను ఇనలే" అన్నాను.

అవ్వ పిన్నీసును కొంగుతో తుడిచి, మళ్లీ పుస్తెలతాడుకు పెట్టుకుంది.