మొదటి పరుగు పారెయ్యమన్న మనిషి

మూడో అంతస్తు అంకుల్ పోయారు. పోయిన నెల ఒక మంగళవారం ఉదయం నేను గురుగ్రామ్‌లో ఆఫీసు మీటింగులో ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. ఆఫీసు వేళల్లో ఆవిడ ఎప్పుడూ ఫోన్ చెయ్యరు. బయటికొచ్చి ఎత్తితే, "అమ్మా, టీ పెట్టాను, ఆయన లేవట్లేదు," అన్నారు. నేను ఫరీదాబాద్ చేరేసరికి గంటన్నర పట్టింది. అప్పటికే మా బిల్డింగు గ్రూపులో హిందీలో రెండు వాక్యాలు, వాటి కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటిని చూస్తే ఒళ్ళు మండింది. ఆ కోపం ఎవరి మీదో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు, నా మీదే. ఎందుకో చెప్పకపోతే ఆయన్ని గుర్తు చేసుకునే అర్హత నాకు లేదనిపించి ఇది రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. విజయనగరం వైపు మనిషి. వాయుసేనలో వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేరి, దేశమంతా తిరిగి, ఆఖరి పోస్టింగు ఢిల్లీ కంటోన్మెంటులో ముగించుకుని, ఫరీదాబాద్‌లో చిన్న ఫ్లాటు కొనుక్కున్నారు. నాది వరంగల్ పక్కన పల్లె. సివిల్స్ రాస్తానని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కిటికీ లేని గదిలో మూడేళ్ళు గడిపాను. మూడోసారి కూడా ప్రిలిమ్స్ పోయిన రోజు కరోల్ బాగ్‌లో ఒక చెప్పుల దుకాణం పక్కన నిలబడి, అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ ఏడుస్తున్నాను. రోడ్డుకు అవతలి నుంచి ఒక పెద్దాయన, వెనకే రెండు సంచులతో ఒకావిడ, నా వైపే వచ్చారు.

"ఏటమ్మా, మనోళ్ళేనా? ఏ ఊరు?"

బిత్తరపోయాను. ఆటోల హారన్లు, బేరాలు, దుకాణాల మైకుల మధ్య నా గొంతు అంత దూరం ఎలా వినబడిందో అర్థం కాలేదు. "గింత లొల్లిల ఎట్ల ఇనబడ్డదంకుల్?" అని అడిగాను.

"ముప్పై ఏళ్ళు నా ఉద్యోగం అదే కదమ్మా. రొదలోంచి మన పిలుపు ఏరుకోవడమే," అన్నారు.

ఆంటీ ఆయన్ని పక్కకు నెట్టారు. "ఆ కబుర్లు తరవాతలెండి. పిల్ల పొద్దుట్నుంచి ఏటీ తిన్నట్టు లేదు. పద తల్లీ, మా ఇంటికి."

ఊరూ పేరూ తెలియని వాళ్ళ వెంట మెట్రో ఎక్కి ఫరీదాబాద్ దాకా ఎందుకు వెళ్ళానని అడిగితే, ఆకలేసి వెళ్ళానని చెప్పాలి. నెల తిరక్కుండా అదే బిల్డింగులో కింది గది అద్దెకు తీసుకున్నాను.

అంకుల్ రిటైరయ్యాక ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. సాయంత్రాలు దగ్గర్లో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవారు. నాకు మాత్రం వాళ్ళ భోజనాల బల్ల మీదే చెప్పారు. మొదటి పాఠానికి కంప్యూటర్ తెరవనే లేదు. ఖాళీ మందుల డబ్బా అట్ట కత్తిరించి, దాని మీద ఒక మాట రాసి, దినపత్రికలో ఒక వరస మీద పెట్టారు. "ఈ మాట ఈ వరసలో ఎక్కడుందో కనిపెట్టాలి. నువ్వైతే ఎలగ వెతుకుతావు?"

నేను అట్టను ఒక్కో అక్షరం జరుపుతూ పోయాను. "అది చీమ," అన్నారు. చీమ ప్రతి అడుగులోనూ మళ్ళీ మొదట్నుంచి పోల్చుకుంటుంది. రెండో పద్ధతికి కప్ప అని పేరు పెట్టారు. అది మాటలోని చివరి అక్షరం దగ్గర ముందు చూస్తుంది. అక్కడున్న అక్షరం మన మాటలో ఎక్కడా లేదంటే, మాట పొడుగంతా ఒక్క గెంతు గెంతేస్తుంది. మూడోది ఆయన ప్రాణం, దాని పేరు చెవి. ఎంతవరకు కలిసిందో గుర్తు పెట్టుకుంటుంది. కలవడం తప్పితే ఆ గుర్తుతోనే ముందుకు సాగుతుంది, దాటి వచ్చిన అక్షరాన్ని మళ్ళీ తిరిగి చూడదు.

"హెడ్‌ఫోన్లో మోర్స్ సంకేతాలు, ఆ చుక్కా గీతా, వచ్చి వెళ్ళిపోతాయి. మళ్ళీ చెప్పమని అడగడానికుండదు. పోయిన అక్షరం పోయినట్టే. విన్నంత వరకూ బుర్రలో పెట్టుకుని తరవాత వచ్చేదానికి చెవొగ్గాలి," అన్నారు. ఈ పద్ధతిని ఎవరో పెద్దవాళ్ళు ఏనాడో పుస్తకాల్లో రాశారని నాకు తర్వాత తెలిసింది. ఆయన మాత్రం పుస్తకం చూడకముందే అది ఒంటబట్టిన మనిషి.

మూడింటిలో ఏది వేగం అని అడిగాను. పరీక్షలు రాసి రాసి ఉన్న బుర్ర నాది, ఒకటే జవాబు కావాలి. ఆయన నవ్వారు. "గెలిచిందెవరని అడక్కు. ఏ మైదానంలో గెలిచారని అడుగు." పొట్టి మాటకొకటి, పొడుగు మాటకొకటి, ఒకే అక్షరం పదే పదే వచ్చే చోట ఇంకొకటి. "అనుకోకు. కొలిచి చూడు." ఈ మాట నేను రోజుకు పదిసార్లు విన్నాను.

కొలవడానికి ఆయనకో పద్ధతుంది. ప్రతి ప్రోగ్రాంనూ చాలాసార్లు పరిగెత్తించాలి. వరస మార్చి పరిగెత్తించాలి. అన్నిటికంటే ముందు, మొదటి పరుగు లెక్కలోంచి తీసి పారెయ్యాలి. పెద్ద ఫైలును మొదటిసారి తెరిచేటప్పుడు కంప్యూటర్ దాన్ని డిస్కు నుంచి లాక్కోవాలి. రెండోసారికి అది మెమరీలో సిద్ధంగా ఉంటుంది. ముందు పరిగెత్తిన ప్రోగ్రాం ఆ బరువంతా మోస్తుంది, వెనకొచ్చింది సుఖపడుతుంది. "మా పాత వైర్‌లెస్ సెట్లూ అంతేనమ్మా. వేడెక్కక ముందు విన్నది వినికిడి కాదు," అనేవారు. ఒకసారి తొందరపడి మొదటి పరుగే ఆయనకు చూపించాను. కాగితం వైపు కూడా చూడకుండా, "చలో, మళ్ళీ," అన్నారు. మర్నాడు రోజంతా నేను మాట్లాడలేదు. ఆంటీ ఇద్దరికీ విడివిడిగా అన్నం పెట్టి నవ్వుకున్నారు.

నా ఉద్యోగం ఆ బల్ల మీద పుట్టిందే. ఇంటర్వ్యూలో ఒకాయన, రెండు పద్ధతుల్లో ఏది వేగం అని అడిగితే, ఏ మైదానం మీద సార్ అని అడిగాను. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నాకు జీతం వచ్చే పని దొరికింది. అప్పట్నుంచి నా వేగం పెరిగింది, ఆయన దగ్గర కూర్చునే సమయం తగ్గింది. ఆదివారం వస్తానని చెప్పి, ఆదివారం రాకపోవడం అలవాటైంది. ఆయన ఎప్పుడూ నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే బాగుండేది.

రెండేళ్ళ క్రితం ఆయన వినికిడి పోవడం మొదలైంది. ముందు ఎడమ చెవి, తర్వాత కుడిది. చెవికి మిషన్ పెట్టుకున్నారు గాని, అది రొదనే పెంచుతోంది, మాట దొరకట్లేదు అనేవారు. కరోల్ బాగ్ సందడిలోంచి నా ఏడుపును పట్టుకున్న మనిషికి ఆంటీ పక్కన కూర్చుని చెప్పిన మాట కూడా అందకుండా పోయింది. ఆయన దాని గురించి మాట్లాడేవారు కాదు. కానీ ఆ ఏడాదే చెవి ప్రోగ్రాంను మళ్ళీ మొదట్నుంచి రాయడం మొదలుపెట్టారు, ఈసారి తెలుగు కోసం.

ఆయన ఆలోచన ఇదీ. కంప్యూటర్ తెలుగు అక్షరాన్ని మూడు ముక్కలుగా దాచుకుంటుంది. మొదటి ముక్క అన్నిటికీ ఒకటే, రెండోదీ దాదాపు అంతే. తేడా తెలిసేది మూడో ముక్కలోనే. "మన సెక్టారులో ఇళ్ళు చూడు. అందరిదీ ఒకటే గేటు, ఒకటే గుమ్మం. లోపలికి తొంగి చూస్తే గాని ఎవరిల్లో తెలీదు. చీమ ప్రతి గేటు దగ్గరా మోసపోయి వెనక్కొస్తాది. ఇంగ్లీషులో చీమ నా చెవిని గెలిచింది, ఒప్పుకున్నాను. తెలుగులో గెలవలేదు."

"మరి కప్పనో?" అని ఆయన కుడి చెవి దగ్గర గట్టిగా అడిగి ఏడిపించాను.

"కప్పతో నాకు పోటీ లేదమ్మా. దానికి పుస్తకం ముందే తెరిచి ఉండాలి. వస్తున్నది వస్తుండగానే పట్టాలంటే చెవే ఉండాలి."

అది రుజువైతే కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకు ఒక పాఠంగా చెప్పాలని ఆయన కోరిక. వినబడక అప్పటికే అక్కడికి వెళ్ళడం మానేశారు. ఈ ఒక్క పాఠానికి వెళ్తాను, పిల్లలు అడిగింది వినబడకపోయినా నేను చెప్పింది వాళ్ళకు వినబడుతుంది కదా అన్నారు. ప్రోగ్రాం పూర్తయ్యాక నాకు ఫోన్ చేసి, నా జవాబు వినబడదని తెలిసీ, తను చెప్పాల్సింది చెప్పారు. "నా ప్రోగ్రాం నేనే కొలిస్తే పక్షపాతం. నువ్వొచ్చి కొలిచి చెప్పు." మూడు ఆదివారాలు వాయిదా వేసి నాలుగో ఆదివారం వెళ్ళాను.

ఆ రోజు సాయంత్రం నొయిడాలో స్నేహితురాలి పెళ్ళి రిసెప్షను. పట్టుచీర కట్టుకుని, క్యాబ్ పిలిచి, అది వచ్చేలోపు పని అయిపోతుందని మెట్లెక్కాను. ఆయన అప్పుడే పాత ల్యాప్‌టాప్ ఆన్ చేసి, కుర్చీ తుడిచి పెట్టారు. కూర్చోకుండా నిలబడే ప్రోగ్రాంలు నడిపాను. ముందు చెవి, తర్వాత చీమ. రెంటికీ ఒక్కొక్క పరుగే. చెవికి చీమ కంటే రెట్టింపు సమయం పట్టింది. కింద నుంచి క్యాబ్ డ్రైవర్ చేస్తున్నాడు, నా ఫోన్ మోగుతూనే ఉంది.

"మీది వెనకబడింది అంకుల్," అన్నాను.

"ఏటీ?" అని కుడి చెవి నా వైపు తిప్పారు.

"ఓడిపోయింది! మీది ఓడిపోయింది అంకుల్!" అని అరిచాను. వంటింట్లోంచి ఆంటీ బయటికొచ్చారు. ఎదురింటివాళ్ళ తలుపు కూడా తెరుచుకుంది.

"అచ్ఛా," అన్నారు. నా మొహంలోకి చూసి, "ఠీక్ హై. కిందకెళ్ళమ్మా, బండి ఆగింది కదా. చీర బావుంది," అన్నారు.

నేను వెళ్ళిపోయాను. రిసెప్షన్‌లో ఐస్‌క్రీం రెండుసార్లు తిన్నాను. ఆ తర్వాత రెండుసార్లు మెట్ల దగ్గర ఎదురుపడ్డారు, ఇద్దరం వాన గురించి మాట్లాడుకున్నాం. మూడో వారంలో ఆంటీ ఫోన్ వచ్చింది.

పదకొండో రోజుకు ఫోటో కావాలని ఆంటీ అడిగితే ఆ ల్యాప్‌టాప్ తెరిచాను. ఫోటోల పక్కనే ఆ ప్రోగ్రాం ఉంది. ఎందుకు నొక్కానో తెలియదు, ఆయన రాసింది ఒకటి ఇంకా కదులుతుందేమో చూడాలనిపించింది కాబోలు. చెవి మళ్ళీ వెనకబడింది. ఊరికే ఇంకోసారి నొక్కాను. ఈసారి సమయం సగానికి పడిపోయింది. అయితే ఆ రోజు ఫైలును డిస్కు నుంచి లాక్కునే బరువంతా ముందు పరిగెత్తిన చెవే మోసిందా? వరస మార్చాను, చీమను ముందు పెట్టాను. మొదటి పరుగు పారేశాను. ఐదుసార్లు, పదిసార్లు కొలిచాను. ప్రతిసారీ చెవే ముందు. ఎక్కువ కాదు, కొంచెమే. కానీ ప్రతిసారీ.

ఆయన చెప్పింది నిజం. జీతం తీసుకుని ఇదే పని చేసే నేను, ఆయన నాకు నేర్పిన మొట్టమొదటి జాగ్రత్తను ఆయన విషయంలోనే మరిచిపోయాను. ఒక పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఆయనకు ఇవ్వలేకపోయాను.

వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఆంటీ వచ్చి పక్కన కూర్చున్నారు. దాచలేదు, అంతా చెప్పాను. తిడతారేమో, తిడితే బాగుండు అనుకున్నాను. ఆవిడ బల్ల మీద గుడ్డ తీసి మడతపెట్టారు.

"ఆ రోజు నువ్వెళ్ళాక ఆయన దాన్ని మూసేశారు. నేను ఉండబట్టలేక, మీరింకోసారి చూసుకోండి, పిల్ల తొందరలో ఉంది కదా అన్నాను. దానికి ఆయన, 'అమ్మాయి కొలిచిందే. అమ్మాయి కొలిస్తే తప్పుండదు. మళ్ళీ కొలిస్తే దాన్ని నమ్మనట్టు అయిపోతాది,' అన్నారు. మళ్ళీ తెరవలేదు."

ఎవరు ఏం కొలిచినా మళ్ళీ కొలవమని పంపిన మనిషి, జీవితంలో ఒక్కరి కొలతను మాత్రం అలాగే ఒప్పుకున్నారు. నా కొలతను. నన్ను క్షమించమని అడగడానికి కూడా ఆయన లేరు. ఉన్నా అడగనిచ్చేవారు కాదు, చలో మళ్ళీ అనేవారు. అది ఇంకా ఎక్కువ ఏడిపిస్తోంది.

"ఇంకోసారి నడిపించమ్మా, నేనూ చూస్తాను," అన్నారు ఆంటీ. నడిపించాను. తెర మీద ఇంగ్లీషు పేర్లతో రెండు వరసల అంకెలు వచ్చాయి. ఆవిడకు ఇంగ్లీషు అక్షరాలు రావు, కళ్ళజోడు వంటింట్లో ఉండిపోయింది. ముందుకు వంగి అడిగారు.

"ఇందులో ఆయనది ఏది?"

పై వరస చూపించాను. ఆంటీ చూపుడు వేలు చీర కొంగుకు తుడుచుకుని ఆ వరస మీద ఆనించారు. కాసేపటికి ల్యాప్‌టాప్ తెర దానంతటదే ఆరిపోయింది. ఆవిడ వేలు తియ్యలేదు.