అవ్వ ముగ్గు, మా సైకిల్ పందెం

నేను డిగ్రీ చదివేటప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా అమ్మాయిలకు సైకిల్ పందెం పెట్టారు. గెలిస్తే కాలేజీకి సైకిల్ మీద పంపుతానని, ఓడితే బస్సేనని మా నాయిన షరతు. ఆ బస్సులో ఊపిరి పీల్చడానికి కూడా చోటుండదు. అందుకే ప్రాణం పెట్టి తొక్కి అందరికంటే ముందున్నాను.

మలుపుల్లో సున్నంతో బాణాలు గీశారు. ఒక మలుపులో బాణం కనిపించక నేరుగా వెళ్లిపోయాను. నన్ను నమ్మి మిగతావాళ్లూ నా వెనకే వచ్చారు. తీరా చూస్తే దేవరయాంజాల్ గుడి! పూజారిగారు జాలిపడి పులిహోర పెట్టారు. తిన్నాం.

వెనక్కొచ్చి ఆ మలుపులో ఉన్న ఇంటి అవ్వను అడిగితే, "ఎవడో నా వాకిట్ల సున్నంతోని గీతలు గీకి పోయిండు బిడ్డా. పేడనీళ్ల సాన్పు జల్లి మంచిగ ముగ్గేసిన" అంది.

శామీర్‌పేటలో పందెం పెట్టిన ఆటల సారు, "దారి తప్పినోళ్లంతా ఔట్. రూలంటే రూలే" అన్నారు.

"ముగ్గేస్తే మా తప్పా సార్?"

"మరి చేతులకు గా పసుపేంది? పులిహోర గూడ ముగ్గే తినిపిచ్చిందా?"

మాలో చైను ఊడి వెనకబడి, ఆ అవ్వ వాకిట్లోనే ఆగి దారి అడిగిన సరోజ ఒక్కతే గెలిచింది. ఇంట్లో నాయిన కూడా, "రూలంటే రూలే బిడ్డా" అన్నాడు. డిగ్రీ అయ్యేదాకా బస్సే.

ఇప్పుడు మా పాప మూడు చక్రాల సైకిల్‌తో గేటు దాటితే నేను చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుతాను. అది తప్పిపోతుందని కాదు. దాని వెనకే కాలనీ పిల్లలంతా వెళ్తారు.