మామళ్ళమ్మ అన్న పేరు ఎవరికీ లేదు

నరసాపురంలో దేవకుమారి అన్న పేరు గలవాళ్ళు నలుగురైదుగురు ఉంటారు. ప్రింటరు దేవకుమారి గారంటే మాత్రం ఒక్కరే. కోర్టు దగ్గర ఒక ప్లీడరు గారి ఆఫీసులో ప్రింటరు మొరాయించి, గుమస్తాలు దాన్ని పదిసార్లు ఆపి పదిసార్లు వేసి అలిసిపోయిన రోజున ఆ పేరు పుట్టింది. ఆమె వచ్చి ప్రింటరు ముఖం కూడా చూడలేదు. కంప్యూటరు ముందు కూర్చుని, వరసలో ఇరుక్కుపోయిన పాత కాగితం ఒకదాన్ని వెతికి పట్టుకుని తుడిచేసింది. వెనకాల ఆగిపోయిన పద్నాలుగు కాగితాలూ టపటపా బయటికొచ్చాయి. "జబ్బు ప్రింటరుది కాదండి, క్యూలో ముందు నించున్నవాడిది" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆమెకిప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. ఇంటర్ తరవాత టైపు నేర్చుకుంది. అప్పాజీ గారి ప్రెస్సులో పదకొండేళ్ళు డీటీపీ ఆపరేటరుగా శుభలేఖలు, కరపత్రాలు, చర్చి సావనీర్లు కొట్టింది. ఫ్లెక్సీలొచ్చి ప్రెస్సు మూతపడ్డాక చిన్న చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూడడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు. ఒక చోట వచ్చిన జబ్బు ఇంకోచోట కూడా వస్తుందని తెలిశాక, మందు ఏమిటో నోటుబుక్కులో రాసిపెట్టుకునేది. చెరిపేసిన ఫైళ్ళు వెనక్కి తెచ్చేది, డిస్కు ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పేది, వైరస్సులు ఏరేది, ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఒక పెన్‌డ్రైవులో ఉండేవి. భర్త శ్యాంబాబు సఖినేటిపల్లి రేవుకి జనాన్ని గోదావరి దాటించే పంటు మీద టిక్కెట్లు ఇస్తాడు. ఆయనకి ఫోన్లో మాట్లాడడం తప్ప ఇంకేమీ రాదు. దానికి ఇద్దరికీ చింత లేదు.

ఆమె చూసే ఆఫీసుల్లో లేసు అల్లే ఆడవాళ్ళ సంఘం ఒకటి. దానికి ఒక వెబ్‌సైటు కూడా ఆమే కట్టిపెట్టింది. బల్లగుడ్డలు, దిండు గలీబులు, వాటి ఫోటోలు, ఒక ఫోన్ నంబరు, అంతే. ఒకసారి ఎక్కడివాళ్ళో సైటులో దూరి, లేసు కోసం వచ్చినవాళ్ళని పేకాట సైటుకి మళ్ళించారు. దేవకుమారి నాలుగు గంటలు కూర్చుని, దొంగలు పెట్టిన రెండు ఫైళ్ళు పట్టుకుని తీసేసి, తన దగ్గరున్న బ్యాకప్పు తిరిగి ఎక్కించింది. సంఘం కార్యదర్శి సీతారామలక్ష్మి గారికి ఆ రోజు నుంచి ఆమె మాట వేదం. రిటైరైన టీచరు ఆవిడ, ఊరికే ఎవరినీ మెచ్చుకోదు.

కిందటేడు ఎండాకాలంలో జిల్లా ఆఫీసు నుంచి సంఘానికి కబురొచ్చింది. సభ్యులందరికీ చేతిపని కార్డులు ఇస్తారట, పన్నెండు రోజుల్లో జాబితా ఆన్‌లైన్లో పెట్టాలట. కాగితం రిజిస్టరు చూస్తే, తుపానుకి కప్పు కారి తడిసి పేజీలు అట్టకట్టుకుపోయాయి. మిగిలింది పాత కంప్యూటరులోని ఒక్క ఫైలు. పదకొండు వందల నలభై పేర్లు. దాన్ని కొత్త కంప్యూటరులో తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు.

కంప్యూటరు అమ్మిన సురేష్‌బాబు చూసి పెదవి విరిచాడు. "ఫైలు పాడైపోయిందండి మేడమ్. మళ్ళీ ఇంటింటికీ తిరిగి రాసుకోవాల్సిందే."

దేవకుమారి వెనకాల నుంచి తెర వైపు ఓసారి చూసింది. "పాడవలేదండి. ఇది మా ప్రెస్సులో వాడిన పాత ఫాంటు. మొదటి పేరు రూబీ, ఇంటిపేరు కొల్లాబత్తుల, ఊరు పేరుపాలెం. రెండోది ఆశాజ్యోతి."

సీతారామలక్ష్మి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఆ గజిబిజి చదువుతున్నావా అమ్మా నువ్వు?"

"కొట్టింది నేనేనండి. రెండువేల నాలుగులో."

పదకొండేళ్ళు ఏ మీట నొక్కితే ఏ ముక్క పడుతుందో వేళ్ళకి తెలిసిన మనిషికి అది గజిబిజి కాదు. యూనికోడు రాకముందు తెలుగుని అలాగే ముక్కలు ముక్కలుగా అతికేవారు. తలకట్టు ఒక మీట, వత్తు ఒక మీట. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగులా కనిపిస్తుంది, లేనిచోట ముక్కలన్నీ విడిపోయి ఇంగ్లీషులా పడతాయి. ప్రభుత్వం వాళ్ళ ఫారానికి ఆ ముక్కలు పనికిరావు. మొత్తం యూనికోడులోకి మార్చాలి.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే మార్పిడి సాధనం ఒకదాన్ని వాడి చూసింది. సగం వత్తులు తప్పులొచ్చాయి. అప్పుడు తనే ఒక పట్టిక రాసుకుంది, ఏ ముక్కకి ఏ అక్షరమో. పెద్ద ముక్కలు ముందు, చిన్నవి తరవాత. ఆ వరస తప్పితే అక్షరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. నూట అరవై మార్పులు వరసగా చేసే చిన్న ప్రోగ్రాము తయారైంది. అయిదో రోజుకి జాబితా అచ్చమైన తెలుగులో వచ్చింది. మొదటి రెండు వందల పేర్లు తడిసిన రిజిస్టరులో ఊడివచ్చిన పేజీలతో పోల్చి చూసుకుంది. ఒక్క తప్పు లేదు. ఆమెకి గర్వం కలిగిందంటే కలిగింది. జాబితా పంపించేశారు. సభ్యులు చూసుకోవడానికి సంఘం వెబ్‌సైటులో కూడా పెట్టారు.

నాలుగో రోజు పొద్దున్నే సంఘానికి ఫోనొచ్చింది. భీమవరం దగ్గర పల్లెటూరు నుంచి పాపాయి అనే అమ్మాయి.

"ఏవండీ, మా అమ్మ పేరు మామళ్ళమ్మ అని పడిందండి. మామళ్ళమ్మేంటండి? మా అమ్మ మావుళ్ళమ్మ. వీధిలో అందరూ మామళ్ళమ్మా, మామళ్ళమ్మా అని పిలిచి నవ్వుతున్నారు."

సీతారామలక్ష్మి గారు కూడా నవ్వి, ఆ సంగతి దేవకుమారికి చెప్పారు. దేవకుమారి నవ్వలేదు. జాబితా తెరిచి వెతికింది. మావుళ్ళమ్మ భీమవరం అమ్మవారు కాబట్టి ఆ వైపు ఇంటికో మావుళ్ళమ్మ ఉంటుంది. సంఘంలో ముప్ఫై ఒక్కమంది ఉన్నారు. అందరూ మామళ్ళమ్మలే. నవుడూరు నమడూరైంది. వుండ్రాజవరం వాళ్ళు మండ్రాజవరం వాళ్ళయ్యారు. ఆమె సరిచూసిన రెండు వందల పేర్లూ సముద్రం ఒడ్డు పేటల్లోని క్రైస్తవ కుటుంబాలవి. రూబీలు, ఆశాజ్యోతులు, మార్తలు. వాటిలో 'వు' అన్న అక్షరం ఎక్కడా తగల్లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో పది నిమిషాల్లో తెలిసింది. ఆ ఫాంటులో 'మ'కి విడిగా మీట లేదు. 'వ' కొట్టి పక్కన పొట్టి గీత పెడితే 'మ', పొడుగు గీత పెడితే 'వు'. పొడుగు గీత మీట దూరం. అప్పాజీ గారికి వేగం కావాలి. అందుకని ఆ రోజుల్లో దేవకుమారి రెంటికీ పొట్టి గీతే కొట్టేసేది. కాగితం మీద తేడా ఎవరికీ తెలిసేది కాదు. చదివేవాళ్ళు మావుళ్ళమ్మని మావుళ్ళమ్మగానే చదువుకునేవారు. కంప్యూటరు అలా సర్దుకుపోదు. ఫైలులో ఏది ఉంటే అదే తీసుకుంటుంది.

మార్పిడిలో తప్పయితే ఒక్క వరస దిద్దితే పోయేది. తప్పు టైపులోనే ఉంది. ఏది 'మ'యో ఏది 'వు'వో ఏ ప్రోగ్రామూ తేల్చలేదు, మనిషి చదవాల్సిందే. మూడు రోజులు కూర్చుని పదకొండు వందల నలభై పేర్లూ, ఊళ్ళూ, ఇంటిపేర్లూ ఒక్కొక్కటే చదివింది. అనుమానం ఉన్నచోట ఫోను చేసి అడిగింది. యాభై ఎనిమిది తప్పులు తేలాయి.

"అక్షరమే కదమ్మా. వాళ్ళే అర్థం చేసుకుంటార్లే" అన్నారు సీతారామలక్ష్మి గారు. సంఘం పేరు చెడుతుందని ఆవిడ భయం.

"ఆధార్‌లో ఒకలాగా దీంట్లో ఒకలాగా ఉంటే కార్డు రాదండి. మీరు టీచరు గారు కదా, హాజరు పట్టీలో పిల్ల పేరు తప్పుంటే ఏం చేసేవారు?"

దానికి ఆవిడ, "మరి జిల్లా ఆఫీసుకి తప్పెవరిదని రాయమంటావు?" అన్నారు.

"నాదేనండి. నేనే రాస్తాను, మీరు కింద సంతకం పెట్టండి చాలు."

మర్నాడు ఆ ఉత్తరం, దిద్దిన జాబితా పట్టుకుని ఆమె బస్సులో భీమవరం వెళ్ళింది. జిల్లా ఆఫీసులో కార్డుల సెక్షను చూసే మధులత గారు ముప్ఫై ఏళ్ళు దాటని మనిషి. ఉత్తరం చదివి, "సైటు లాక్ అయిపోయిందండి, ఇప్పుడు మార్చడానికి పైనుంచి అనుమతి రావాలి" అంది. తరవాత ఉత్తరం మళ్ళీ చదివింది. "పొట్టి గీత, పొడుగు గీత... ఇదేంటండి?"

దేవకుమారి ఒక తెల్లకాగితం తీసుకుని గీసి చూపించింది. మధులత గారు కుర్చీ ముందుకు లాక్కుని, తన కంప్యూటరులో ఒక ఫైలు తెరిచింది. అందులోనూ ఇంగ్లీషు ముక్కలూ డాలరు గుర్తులే. "ఇలాంటివి మా దగ్గర బీరువా నిండా ఉన్నాయండి. ఎవరికీ చదవడం రాక అలా పడున్నాయి."

దేవకుమారి కళ్ళద్దాలు పెట్టుకుని తెర మీద వేలు పెట్టింది. "మొగల్తూరు మండలం, చేతిపనివారి సర్వే. మొదటి పేరు గుబ్బల వీరబ్రహ్మం, వడ్రంగి. రెండోది..." పక్క బల్ల మీద ఇద్దరు లేచి వచ్చి వెనకాల నిలబడ్డారు. ఆమె పదమూడో పేరు దగ్గర ఆగింది. "ఇక్కడ మాత్రం మ అవ్వచ్చు, వు అవ్వచ్చండి. ఊరికి ఫోను చేసి అడగాలి. నేను ఊహించి చెప్పను."

అనుమతి రావడానికి మూడు వారాలు పట్టింది. యాభై ఆరు పేర్లు దిద్దారు. మిగిలిన ఇద్దరిలో ఒకావిడ ఈలోగా చనిపోయింది, ఇంకొకావిడకి ఆధార్‌లోనే పేరు తప్పుంది. మామళ్ళమ్మ అని పిలిపించుకున్నావిడ కార్డు తీసుకోవడానికి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. దేవకుమారి ఎదురుపడి, "నా వల్లేనండి, మీ పేరు పాడుచేశాను" అంది. ఆవిడ కార్డు మీద పేరుని కూతురి చేత చదివించుకుని, "బాగానే ఉందమ్మా" అని చెంగున ముడేసుకుంది. తిట్టలేదు, మెచ్చుకోలేదు.

ఆ తరవాత మూడు నెలలు మంగళ, గురువారాలు దేవకుమారి భీమవరం వెళ్ళి ఆ బీరువా ఫైళ్ళు మార్చింది. సంఘం వెబ్‌సైటులో ఒక పేజీ కొత్తగా పెట్టి, తన పట్టికనూ ప్రోగ్రామునూ ఎవరైనా ఉచితంగా దింపుకునేలా ఉంచింది. వరస ఎలా ఉండాలో, ఏం సరిచూసుకోవాలో రాసింది. తను చేసిన తప్పు కూడా దాచకుండా రాసింది. పెద్దాపురం నుంచి ఒక పాత ప్రెస్సాయన, జంగారెడ్డిగూడెం నుంచి ఒక స్కూలు గుమస్తా ఫోను చేశారు. ఇంకా చేస్తూనే ఉన్నారు.

సీతారామలక్ష్మి గారికి ఇది అంతగా నచ్చలేదు. "లేసు చూడ్డానికి రోజుకి ఇరవైమంది కూడా రారు, నీ ఫాంటు పేజీకి రెండొందల మందా? ఇదేంటమ్మా?"

"వచ్చినవాళ్ళు పక్కన దిండు గలీబులు కూడా చూస్తారండి" అంది దేవకుమారి.

కిందటి నెలలో పాలకొల్లు నుంచి ఒకాయన అలాగే చూసి ఆరు గలీబులు తెప్పించుకున్నాడు.