నా లెక్క తప్పించిన నూకాలమ్మ వదిన

గత మంగళవారం ఉదయం ఎనిమిదీ పదికి ఓడరేవు గోదాములో బస్తాలు లెక్కపెడుతున్నాను. మూడు వందల పదిహేడో బస్తా దాటుతుండగా జాలరిపేట నుంచి ఫోను వచ్చింది. మా వదిన నూకాలమ్మ పోయిందన్నారు. పొద్దున్నే పడవలు వచ్చాక చేపలు గంపలో సర్దుకుని, బీచి రోడ్డు పిట్టగోడకు వీపు ఆనించి కాసేపు కూర్చుందట. మళ్ళీ లేవలేదట. ఫోను జేబులో పెట్టుకుని చూస్తే బస్తాలు వెళ్ళిపోతూనే ఉన్నాయి, నేను మాత్రం లెక్కపెట్టడం లేదు. సరుకు లెక్క రాసే ఈ టాలీ పనిలో, ఇరవై ఎనిమిదేళ్ళలో, నా లెక్క తప్పడం అదే మొదటిసారి.

ఆ మాట నిజం కాదు, అది రెండోసారి. మొదటిసారి కూడా ఆవిడ వల్లే తప్పింది. చర్చి వారు సంస్మరణ సంచికకు ఏదైనా రాయమని అడిగితే, ఆ మొదటిసారి సంగతే రాస్తానన్నాను. నేను మీ చర్చి సభ్యుణ్ణి కాను. ఏడో తరగతి దాటలేదు. లెక్కలంటారా, అవి ఎవరూ నేర్పలేదు, నాకు నేనే నేర్చుకున్నాను. చావు కబురు రాస్తూ ఇతనికి ఇంత ఉత్సాహమేమిటని చదివేవారికి అనిపిస్తే క్షమించాలి. ఆవిడ గురించి నెమ్మదిగా చెప్పడం నాకు చేతకాదు. కలం నాకంటే ముందు పరిగెడుతోంది.

ఆవిడ మా అన్నయ్య భార్య. మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు మూడేళ్ళు. అమ్మ చేపల బేరానికి వెళ్ళిపోతే నన్ను చంకనేసుకుని తిరిగింది వదినే. నాకు నేనే నేర్చుకున్నానన్నాను గానీ, ఒకటి రెండు మూడు మాత్రం ఆవిడ గంప దగ్గర నేర్చుకున్నవే. నాలుగు చేపలు ఒక పుంజీ. ఇరవై అయిదు పుంజీలు ఒక వంద. ఆవిడ చేపలు పడేస్తుంటే నేను పుంజీలు చెప్పేవాణ్ణి. తప్పు చెబితే తడి చేత్తో నెత్తిమీద ఒకటి పడేది. ఆవిడ నోరు మంచిది కాదు. బేరంలో ఒక్క రూపాయి వదలదు. పాట పాడితే శ్రుతి ఉండదు. ఈ మూడూ చివరిదాకా మారలేదు. చర్చిలో ఆవిడ పక్కన నిలబడి పాడినవాళ్ళకు ఆ సంగతి నేను చెప్పనక్కరలేదు.

మా అన్నయ్య ఇరవై మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ ఇరవై మూడు రోజులూ అక్కడ పనిచేసే ఒక ఆయా తన పని అయిపోయాక వచ్చి వదిన పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. అన్నయ్య బతకలేదు. అయినా కర్మకాండలు అయిన నెలకే వదిన ఆ ఆయాతో చర్చికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇది ఎవరికీ అర్థం కాలేదు. మొగుడు బతికితే మొక్కు తీర్చుకుంటోంది అనుకోవచ్చు, బతకలేదే. వీధిలో ఒకావిడ అడిగేసింది, మీ దేవుడు నీకేమిచ్చాడని. వదిన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"పక్కన కూకున్నాడు. ఇంకెవులు కూకున్నారో సెప్పు."

ఆ మాట అన్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అన్నయ్య ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో నేను షిఫ్టుల్లో ఉన్నాను. ఎన్నిసార్లు వెళ్ళానో నాకు లెక్క తెలుసు. ఇక్కడ రాయను.

ఆవిడ బాప్తీస్మం కథ మీలో కొందరు చూశారు, చూడనివారికి చెబుతాను. అప్పటి పాస్టరుగారు కుర్రవాడు, ఎలమంచిలి వైపు నుంచి వచ్చినవాడు, సముద్రం అలవాటు లేదు. నూకాలమ్మ అన్నది అమ్మవారి పేరు కదా, కొత్త పేరు పెట్టుకుంటే బాగుంటుందని ఆయన మెల్లగా అన్నారు. "ఈ పేరు మా యమ్మెట్టింది బాబూ. నన్ను గుర్తుపట్టడానికి దేవుడికి కొత్త పేరు కావాల్నా?" అంది వదిన. ఆయన నవ్వేసి సరేనన్నారు. ఇద్దరూ నడుంలోతు నీళ్ళలోకి దిగారు. ఆయన ఆవిణ్ణి ముంచబోతుండగా పెద్ద అల వచ్చింది. అల వెళ్ళాక చూస్తే పాస్టరుగారి చొక్కా కాలరు పట్టుకుని వదిన నిలబడి ఉంది. ఎవరికి ఎవరు బాప్తీస్మం ఇచ్చారో ఒడ్డున ఉన్న మాకు తెలియలేదు. ఆయన దగ్గుతూనే ఇంకోసారి ముంచారు, నూకాలమ్మ అనే పేరుతోనే.

ఇక అసలు సంగతి. పందొమ్మిదేళ్ళ కిందటి మాట. సముద్రానికి చేసే అమ్మవారి పండగలో ఇంటికొక ఆడమనిషి ఘటం ఎత్తుకుని ఒడ్డుకు వెళ్ళడం మా పేట ఆచారం. ఆ ఏడు వదిన ఎత్తనంది. ఆ వారమే వలలు వరసగా ఖాళీగా వచ్చాయి. ఖాళీ వల చూసినవాడికి కారణం కావాలి. వలల పాకలో పెద్దలు కూర్చుని ఆవిణ్ణి పిలిచారు. కులపెద్ద పోలయ్య చెడ్డవాడు కాడు. పేటలో నలభై పడవల బాధ్యత ఆయన మీద ఉండేది, అంతే.

"ఏటమ్మా నూకాలూ, నీ పేరే అమ్మోరి పేరు. ఆ అమ్మోరికే ఘటం ఎత్తనంటావేటి?" అన్నాడు.

"ఈదంతా ఊడుత్తాను మావా. పండక్కొచ్చినోల్లందరికీ అన్నం వొండుతాను. మొక్కడం మాత్రం నానొక్కలికే మొక్కుతాను."

"ఆయనెక్కడో పుట్టేడు. సేపలోల్ల కష్టం ఆయనకేటి తెల్సు?"

"తెలీకేటి. ఆయన మొట్టమొదట పిల్సింది వలలు బాగు సేసుకుంటన్నోల్లనే. మనోల్లే మావా."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. పోలయ్యకు ఆవిడ మాటకంటే ఆ నవ్వు మీద కోపం వచ్చింది. వదినను పంపేసి శిక్ష ఆలోచించారు. చేపల వేలంపాటకు రానివ్వకూడదని ఒకరన్నారు. కొనేవాళ్ళు తగ్గితే నష్టం పడవలవాళ్ళకే అని ఇంకొకరన్నారు. అప్పుడు, ఎవరూ అడగకుండా, నేను లేచాను.

పాట ఆపక్కరలేదన్నాను. చేపలు నింపిన గంప ముప్పై కిలోలు. వదిన నలభై అయిదు. నేల మీది గంప తలకెక్కాలంటే ఇంకో మనిషి చెయ్యి పడాలి, మన ఆడవాళ్ళలో ఒంటరిగా ఎత్తుకోగలిగిన మనిషి లేదు. కాబట్టి ఎవరూ ఆవిడకు గంప ఎత్తకపోతే చాలు. చేపలు ఒడ్డునే కుళ్ళిపోతాయి. నాలుగు రోజులు, అంతకు మించి పట్టదు, తనే వచ్చి ఘటం ఎత్తుతుంది. ఇలా వేళ్ళు మడిచి చెప్పాను. అందరూ నా తెలివిని మెచ్చుకున్నారు. నన్ను చంకన మోసిన మనిషి నెత్తిమీదికి గంప ఎక్కకుండా నేను లెక్క కట్టాను. ఆవిడ ఘటమైనా ఎత్తాలి, పేటైనా వదలాలి. నా లెక్కలో మూడోది లేదు.

మర్నాడు నా లెక్క నిలుస్తుందో లేదో చూడడానికి డ్యూటీకి ముందు ఒడ్డుకు వెళ్ళాను. వదిన పాటలో చేపలు కొంది. రోజూ ఆవిడకు గంప ఎత్తేది మసేనమ్మ, మసేనమ్మకు ఎత్తేది ఆవిడ, పదిహేనేళ్ళ జోడీ. మసేనమ్మ తల తిప్పుకుంది. వదిన ఒక్క నిమిషం అలా నిలబడింది. తర్వాత ఖాళీ గంప తీసుకెళ్ళి పిట్టగోడ మీద పెట్టింది. చిన్న సత్తు బకెట్టుతో పడవ దగ్గర చేపలు తోడి, మోసుకెళ్ళి గంపలో పోసింది. మళ్ళీ వచ్చింది. ఏడు దఫాలు. పడవకూ గోడకూ నూట ఇరవై అడుగులు. రానూపోనూ మొత్తం పదహారు వందల ఎనభై. గంప నిండాక తలమీద చుట్టకుదురు పెట్టుకుని, గోడ పక్కన వొంగి, గంప కిందికి తల దూర్చి, అంచు పట్టుకుని మీదికి లాక్కుంది. గంప బోర్లా పడింది. చేపలన్నీ ఇసకలో. చూస్తున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ ఒక్కొక్కటే ఏరి, కడిగి, మళ్ళీ నింపింది. రెండోసారి మోకాళ్ళు ఇంకా వంచింది. మెల్లగా లేచింది. ఆ రోజు వన్ టౌన్ సందుల్లోకి ఆలస్యంగానైనా ఆవిడ కేక వెళ్ళింది.

గోడ మూడున్నర అడుగులు. ఆవిడ నాలుగడుగుల పది అంగుళాలు. నేను బరువు లెక్క కట్టాను, ఎత్తు లెక్క కట్టాను, చేతులు లెక్క కట్టాను. మోకాళ్ళు లెక్కలో వేసుకోలేదు. మనిషి వొంగగలదన్నది నాకు తట్టలేదు.

నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు మధ్యాహ్నం వదిన ఇంటి నుంచి గిన్నెడు పీతల కూర వచ్చింది. వచ్చింది కదా అని తినేశాను.

తొమ్మిదో రోజు ఇంకో విచిత్రం. మసేనమ్మకు జోడీ పోయింది కదా, మిగతావాళ్ళు ఎవరి జోడీ వాళ్ళు చూసుకుని వెళ్ళిపోయారు. ఆమె నిండు గంప పక్కన నిలబడి అటూ ఇటూ చూస్తోంది. వదిన వచ్చి అటువైపు అంచు పట్టుకుంది. మసేనమ్మ బెదిరిపోయింది. "నాకు ఎత్తొద్దన్నారు గానీ నన్ను ఎత్తొద్దన్లేదు గదే. పట్టు, ఎండెక్కిపోతంది," అంది వదిన. ఎత్తి ఆమె తలమీద పెట్టి, తిరిగి తన గోడ దగ్గరికి వెళ్ళింది. ఆ తర్వాత ప్రతి ఉదయం అదే వరస. ముందు ఎవరికి చెయ్యి తక్కువైతే వాళ్ళ గంప, ఆ తర్వాత గోడ దగ్గర తన గంప. నేను టాలీ పుస్తకం చివరి పేజీలో గీతలు పెట్టడం మొదలుపెట్టాను. ఆ వెలి నలభై ఏడు రోజులు నడిచింది. ఆ రోజుల్లో ఆవిడ ఎత్తిన పరాయి గంపలు రెండు వందల పన్నెండు. ఆవిడకు ఎత్తిన చేతులు సున్నా. పోలయ్య భార్య గంప కూడా అందులో మూడుసార్లు ఉంది.

నలభై ఎనిమిదో రోజు మసేనమ్మ తన గంప కింద పెట్టి, తిన్నగా గోడ దగ్గరికి నడిచి, వదిన గంప అంచు పట్టుకుంది. అందరి కళ్ళూ పోలయ్య మీద. ఆయన చుట్ట నోట్లోంచి తీసి సముద్రం వైపు తిరిగాడు.

"నాకేటీ కనబడ్లేదర్రా. మంచు అడ్డొచ్చీసింది," అన్నాడు.

టైము ఎనిమిదిన్నర. ఎండ చిటపటలాడుతోంది. ఆ మంచులోనే వెలి అయిపోయింది. వదిన ఘటం ఎత్తలేదు, పేట వదలలేదు. ఆ మరుసటి ఏడు పండక్కి వీధంతా ఊడ్చింది, అన్నమాట ప్రకారం వందమందికి వండింది. చిత్రమేమిటంటే, ఆ గోడ దగ్గర వొంగి గంప ఎత్తుకోవడం ఇప్పుడు పేటలో జోడీ లేని ఆడవాళ్ళందరికీ అలవాటు. దాన్ని నూకాలమ్మ గోడ అంటారు. చిన్నవాళ్ళు అది అమ్మవారి పేరు అనుకుంటారు.

పదహారేళ్ళు నా తప్పు నా దగ్గరే దాచుకున్నాను. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంటే వెళ్ళి చెప్పేశాను. ఆ ఉపాయం నాదే వదినా, నాలుగు రోజులని చెప్పింది నేనేనని.

"తెల్సు లెక్కలబాబూ. నాను పాకెనకాల్నే ఉన్నాను, అంతా ఇన్నాను. అందుకే గదా అయిదో రోజుని పీతలొండి పంపేను. తిన్నావా లేదా?"

"తిన్నాను వదినా."

"ఉప్పు సరిపోయిందా?"

కోపం రాలేదా అని అడిగాను. వచ్చింది అంది, మొదటి రోజు చేపలు ఇసకలో పడ్డప్పుడు నేను నవ్వడం చూసి చంపేయాలనిపించింది అంది. తర్వాత ఒక లెక్క చెబుతాను, కట్టు అంది. తను మొక్కే ఆయన సమాధిలోంచి లేచొచ్చాక ఒడ్డున నిలబడి పడవలోవాళ్ళను వల వెయ్యమంటే, ఆ వలలో పడ్డ పెద్ద చేపలు నూట యాభై మూడట. ఎవరో నాలాంటివాడే అక్కడా ఉండి లెక్కపెట్టాడట. పుంజీలు ఎన్ని అని అడిగింది. ముప్పై ఎనిమిది పుంజీలు, ఒకటి మిగులు అన్నాను.

"ఆ మిగిలిపోయిందే నాను," అంది. "పుంజీలో పట్టకపోయినా వల్లో ఉన్నాను గదా. అది సాల్దా?"

బుధవారం మధ్యాహ్నం సమాధి చేశాం. వ్యాను సందులోకి రాలేదు. పెట్టెను భుజాల మీద మోసుకుంటూ బీచి రోడ్డు దాకా వచ్చి, మోసేవాళ్ళు మారడానికి ఎక్కడ దించాలా అని చూస్తే ఎదురుగా ఆ గోడ. దాని మీదే ఉంచాం. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పేట మొత్తం వచ్చింది. బొట్లూ ఉన్నాయి, సిలువలూ ఉన్నాయి. పోలయ్య కర్రతో వచ్చి, కళ్ళు సరిగా కనబడక పెట్టెను చేత్తో తడిమాడు. ఎవరూ ఈసారి మంచు మాట ఎత్తలేదు. నేను అలవాటు కొద్దీ పెట్టె మీద పడుతున్న చేతులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పై నాలుగు దాకా వచ్చింది. ఇంకా వస్తూనే ఉన్నాయి.

కుర్రవాళ్ళు నలుగురు ముందుకొచ్చి, "పట్టండి, ఎత్తండి," అన్నారు. డెబ్బై దాటిన మసేనమ్మ వాళ్ళను చేత్తో పక్కకు నెట్టింది.

"ఎత్తకండర్రా," అంది. "దానికి ఎత్తితే నచ్చదు. వొంగండి."

లెక్క ముప్పై నాలుగు దగ్గర వదిలేశాను. మా వదినకు నేను పెట్టాల్సిన చెయ్యి పందొమ్మిదేళ్ళు ఆలస్యమైంది. గోడ పక్కన మోకాళ్ళు వంచాను, ఇంకా వంచాను, పెట్టె కింద భుజం దూర్చాను, మెల్లగా లేచాను. బరువెంతో నాకు తెలియదు. తెలుసుకోలేదు.