కాన్పుల ఇంటి గ్రేసమ్మ

చింతపల్లిలో చలి ముదిరే రోజుల్లో గాలి నిండా ఒక పులిసిన వాసన ఉంటుంది. కాఫీ పళ్ల తొక్క ఒలిచి గింజలు కడిగిన చోట ఆ తొక్కలు కుప్పపడి కుళ్లుతుంటాయి. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే అనంతగిరి కొండల కింద, జీపు దారి ఆగిపోయే చోట ఉన్న ఒక పెంకుటిల్లు గుర్తొస్తుంది. దాని పక్కనే కాఫీ కడిగే షెడ్డు ఉండేది. ఆ ఇంటిని చుట్టుపక్కల అందరూ కాన్పుల ఇల్లు అనేవారు. దాన్ని నడిపిన గ్రేసమ్మగారి దగ్గరే నేను ఈ పనిలో అక్షరాలు దిద్దుకున్నాను.

అప్పుడు నేను విశాఖపట్నంలో పీజీ చదువుతున్నాను. స్వచ్ఛంద సంస్థలను ఎలా నడపాలి, ప్రజలను ఎలా కూడగట్టాలి అన్నది మా చదువు. ఫీల్డ్‌వర్క్ కోసం కాలేజీ నన్ను గ్రేసమ్మగారి సంస్థకు పంపింది. ఆవిడది విజయనగరం వైపు పల్లె. మిషన్ బడిలో చదివి, నర్సు పని నేర్చుకుని, ఉద్యోగానికని కొండలకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మోకాళ్లు అరిగిపోయి కుంటుతూ నడిచేవారు. నవ్వడం తక్కువ. కొండ మీది ఊళ్లకు రోడ్డు లేదు కనుక, నెలలు నిండిన ఆడవాళ్లను ముందుగానే దించి ఆ ఇంట్లో ఉంచుకునేవారు. నొప్పులు మొదలవగానే సంస్థ జీపులో ఆసుపత్రికి చేర్చేవారు. ఆవిడ చేసిందల్లా ఈ ఒక్క పని.

నేను వెళ్లిన కొత్తలో బుద్రి అనే అమ్మాయి తొలి కాన్పుకు వచ్చి ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ గోడవైపు తిరిగి ఏడుస్తూనే ఉండేది. నేను కాలేజీలో తయారుచేసిన బొమ్మల చార్టు తీసి, ఇంటి దగ్గర కాన్పయితే వచ్చే ప్రమాదాలు వివరించడం మొదలుపెట్టాను. గ్రేసమ్మగారు గుమ్మంలోంచి కాసేపు చూసి, "ఏటి సేత్తన్నావు?" అన్నారు.

"ధైర్యం చెబుతున్నానండీ."

"అది ధైర్యవా? ఆ గుంటకి ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తంది. ఆ బొమ్మలు సుట్టేసి పక్కన కూకో. ఏడవనీ."

కూర్చున్నాను. చాలాసేపటికి బుద్రి ఇటు తిరిగి, తల దువ్వమన్నట్టు దువ్వెన నా చేతికిచ్చింది. మా స్నేహం అలా మొదలైంది. కొన్నాళ్లకు ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. తిరిగి కొండెక్కే రోజున గ్రేసమ్మగారు బిడ్డ నుదురు నిమిరి, "మళ్లీ కడుపొస్తే ఆలోసించకు, బేగి దిగిపో. ఈ తలుపు తీసే ఉంటాది," అన్నారు. బుద్రి అత్తగారు బిడ్డను అందుకుంటూ తలూపింది.

మరుసటి ఏడు ప్రాజెక్టు పనికి నేను మళ్లీ అక్కడికే వెళ్లేసరికి ఆ తలుపు మూసే మాట నడుస్తోంది. సంస్థకు నిధులిచ్చేవాళ్లు ఇక వేరే రాష్ట్రంలో పనిచేయాలని నిర్ణయించుకున్నారు. గ్రేసమ్మగారు తిరగని చోటు లేదు, పట్టుకోని కాళ్లు లేవు. ఏదీ కుదరలేదు. సిబ్బంది ఒక్కొక్కరే వెళ్లిపోయారు. జీపు అప్పగించేయాల్సి వచ్చింది. అప్పుడావిడ ప్రతి ఊరికీ స్వయంగా వెళ్లి మూసేస్తున్నామని చెప్పి వస్తానన్నారు. ఆ మోకాళ్లతో కొండలెక్కడమెందుకు, ఎవరిచేతనైనా కబురంపితే సరిపోదా అన్నాను.

"రమ్మని సెప్పడానికి నేనే ఎల్లాను. రావద్దని సెప్పడానికి ఇంకొకర్ని పంపనా?" అన్నారు.

ఆవిడ వెంట నేనూ తిరిగాను. కర్ర ఊతంతో మెల్లగా ఎక్కేవారు. ఊరు చేరాక మంచినీళ్లు కూడా ముట్టకుండా ముందు ఆ మాటే చెప్పేవారు. ఎవరూ కోప్పడలేదు. కోప్పడి ఉంటేనే బాగుండేది. ఒక ఊళ్లో ముసలాయన చుట్ట ఆర్పేసి, "మేవేటి తప్పు సేసినామమ్మా?" అని అడిగాడు. "మీరేటీ సెయ్యలేదు నాయినా," అని ఆవిడ తల దించుకున్నారు. 

బుద్రి వాళ్ల ఊరు అన్నిటికంటే ఎత్తున ఉంటుంది. అక్కడికి బయల్దేరాలనుకున్న సమయానికి తుఫాను పట్టింది. కొండచరియ జారి కాలిబాట తెగిపోయింది. మేం మండల కేంద్రంలో, కాన్పుల ఇల్లు ఖాళీ చేశాక ఆవిడ అద్దెకు దిగిన గదిలో చిక్కుకుపోయాం. బుద్రికి మళ్లీ నెలలు నిండుతున్నాయని మాకు తెలుసు. ఇంకా వ్యవధి ఉందని, వాన తెరిపివ్వగానే వెళ్దామని అనుకున్నాం. గ్రేసమ్మగారు మాత్రం కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుని కొండవైపు చూస్తుండేవారు.

వాన వెలిసిన పొద్దున అప్పారావు వచ్చాడు. ఒకప్పుడు సంస్థ జీపు నడిపినవాడే, ఇప్పుడు సర్వీసు జీపు తోలుతున్నాడు. గుమ్మంలో నిలబడి లోపలికి రాకుండానే చెప్పాడు. బుద్రికి ముందుగానే నొప్పులు వచ్చాయట. ఆ వానలోనే, తెగిన బాట పక్కనుంచి అడవికి అడ్డంపడి, డోలీలో కాన్పుల ఇంటికి మోసుకొచ్చారట. తలుపుకు తాళం. ఫోన్లు పనిచేయలేదు. చూరు కింద పడుకోబెట్టి తలుపు బాదుతూనే ఉన్నారట. ఎవరో చూసి కబురు చేస్తే అప్పారావు జీపు తీసుకుని పరుగెత్తాడు. అప్పటికే తల్లీ, లోపలి బిడ్డా పోయారు.

గ్రేసమ్మగారు ఏడవలేదు. కర్ర అందుకుని, "పద," అన్నారు.

ఆ ఊరు చేరేసరికి ఇంటి ముందు బుద్రి అత్తగారు మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గ్రేసమ్మగారు ఎదురుగా నేల మీద కూలబడ్డారు. ఆ ముసలామె, "తలుపు తీసుంటాదన్నావు. నీ మాట నమ్మి దింపినాం," అంది.

నేను ఉండబట్టలేక, కొండ జారిందని, రావాలనే అనుకున్నామని మొదలుపెట్టాను. గ్రేసమ్మగారు నా చేయి పట్టుకుని ఆపేశారు.

"సెప్పడానికి రాలేకపోనాను. ముందు మీ ఊరే రావలసింది. తప్పు నాదే," అన్నారు.

"ఇంక ఎవులూ రావద్దు," అంది ఆమె. "ఒచ్చి తలుపులు తియ్యొద్దు. మా సావు మేం సత్తాం." లేచి పిల్లను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మేం ఎండ వాలేదాకా అక్కడే కూర్చున్నాం. ఎవరూ పలకరించలేదు.

సంస్థను నడిపిన ట్రస్టు పెద్ద ఒకాయన విశాఖ నుంచి ఫోన్ చేశారు. చెప్పిన గడువుకే మూశాం కనుక మన బాధ్యత ఏమీ లేదని ఊరడించబోయారు. "గడువు మనకి తెలుసు బాబూ, బుద్రికి తెలీదు," అని ఆవిడ పెట్టేశారు.

నేను చదువు ముగించి ఉద్యోగంలో పడ్డాను. గ్రేసమ్మగారు ఆ గదిలోనే ఉండిపోయారు. కొండ దిగి వచ్చినవాళ్లకు తోడుగా ఆసుపత్రికి వెళ్లేవారు. బుద్రి వాళ్ల ఊరినుంచి మాత్రం ఎవరూ దిగేవారు కాదు. అక్కడ ఆడవాళ్లు ఇళ్లలోనే కంటున్నారని, కొందరు పోతున్నారని తెలిసినప్పుడల్లా ఆవిడ ఆ కొండెక్కేవారు. ఊళ్లోవాళ్లు తలుపులు వేసుకునేవారు. ఆవిడ వీధిలో కాసేపు నిలబడి దిగి వచ్చేవారు. ఎక్కలేని స్థితి వచ్చేదాకా అలా వెళ్తూనే ఉన్నారు. పక్షవాతంతో పోయారు. సమాధి దగ్గర నేనూ, అప్పారావూ, పాస్టరుగారూ, కింది ఊళ్ల ఆడవాళ్లు కొందరూ నిలబడ్డాం. పైనుంచి ఎవరూ రాలేదు.

ఇప్పుడు నేనూ ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. కాలేజీల నుంచి పిల్లలు ఫీల్డ్‌వర్క్‌కు వస్తారు. కొత్త పని ఏది తలపెట్టినా, మనం వెళ్లిపోయే రోజున వీళ్లకు ఎవరు దిక్కు అని ముందు అడుగుతాను. పెళ్లిలో చావు మాటలేమిటన్నట్టు చూస్తారు. ఎన్నో పనులు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి. కొన్నిటిని ఆపకుండా ఉండాల్సిందేమో, నాకు తెలియదు. కొండ మీద ఏ ఊళ్లోనైనా అడుగుపెట్టి, ఆడవాళ్లు చాప పరిచి కూర్చోమన్నప్పుడు, నన్ను నమ్మడం మొదలుపెట్టారని తెలిసి నాకు భయమేస్తుంది. ఇన్నేళ్లయినా ఆ భయం తగ్గలేదు. తగ్గిన రోజున ఈ పని మానేస్తాను.